గుంపులో ఒక్కడు

అంతా చేపలతో మొదలైంది. అది మనుషుల దాకా వస్తుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదని తర్వాత చాలామంది చెప్పారు. అది శుద్ధ అబద్ధం. ప్రొఫెసర్ కృపానిధి మొదటి రోజు నుంచీ మనుషుల గురించే ఆలోచించాడు. చేతికి అందింది చేపలు గనక వాటితో సరిపెట్టుకున్నాడు.

విశాఖ సముద్రపు ఒడ్డున ఆయన ప్రయోగశాలలో ఒక గదంత గాజు తొట్టె ఉండేది. దాని నిండా కవళ్ళు అనే చిన్న చేపలు. గుంపంతా ఒకే ప్రాణంలా ఈదుతూ ఉన్నట్టుండి ఒక్కసారిగా మలుపు తిరిగేది. అన్నిటికంటే ముందు ఒక్క చేప తిరుగుతుందనీ, దాన్ని చూసి పక్కవి, వాటిని చూసి మిగతావి తిరుగుతాయనీ ప్రొఫెసర్ వాదం. ఆ ఒక్కటి ఏదో రెప్పపాటులో తేల్చి చెప్పే యంత్రాన్ని కట్టింది మాత్రం ఆయన శిష్యురాలు మైలపల్లి నూకరత్నం. దానికి చుక్కాని అని పేరు పెట్టింది కూడా ఆమే. పడవల వాళ్ళింట్లో పుట్టిన పిల్లకు అంతకంటే మంచి పేరు తట్టదు.

యంత్రానికి కన్నూ ఉంది, చెయ్యీ ఉంది. కన్ను గుంపును చూసి ఒక్కదాని మీద ఎర్ర చుక్క పెడుతుంది. చెయ్యి ఆ చుక్క మీదకు ఎవరి చెవికీ వినపడని శబ్దాన్ని సూదిలా సన్నగా వదులుతుంది. ఒంటిని నిలబెట్టే నరానికి ఆ శబ్దం తగిలిందంటే ఇక పైకీ కిందికీ తేడా తెలియదు. రత్నం మొదటిసారి మీట నొక్కిన రోజు చుక్క పడిన కవళ్ళ చేప వెల్లకిలా తిరగబడింది. గుంపు మలుపు తిరగలేదు. చెల్లాచెదురై గాజు గోడలకు కొట్టుకుంది.

ప్రొఫెసర్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "చూశావా రత్నం! చరిత్రంటే ఇంతే. ఒక్కడు తిరుగుతాడు, లోకం వాడి వెనక తిరుగుతుంది. ఆ ఒక్కణ్ణి పక్కకు తప్పించగలిగితే ఎన్ని యుద్ధాలు తప్పేవో ఆలోచించు."

"చేప చచ్చిపోయిందా సార్?"

"చావడమేంటి? కళ్ళు తిరిగి పడింది. కాసేపట్లో లేస్తుంది."

లేచేదే. గుంపును బెదిరించడానికి తొట్టెలో వదిలిన పెద్ద వంజరం చేప ఈలోపే దాన్ని మింగేసింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

రత్నం ప్రొఫెసర్ మాట నమ్మింది. ఆయన పెద్ద చదువులు చూసి కాదు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ ఊరు గంగడపాలేనికీ పక్కనున్న పోలమ్మపేటకీ సముద్రం మీద కొట్లాట జరిగింది. పోలమ్మపేట వాళ్ళు కొత్తగా రింగు వలలు తెచ్చారు. పెద్ద ఇంజన్ల పడవలతో చేపల గుంపును చుట్టేసి, పిల్ల చేపతో సహా ఎత్తుకుపోయే వలలవి. ఒడ్డున వల లాగి బతికే గంగడపాలేనికి ఇక ఏమీ మిగలలేదు. అడ్డుకోవడానికి వెళ్ళిన వాళ్ళలో రత్నం తండ్రి ఉన్నాడు. ఎవరిదో తెడ్డు దెబ్బ తల మీద పడింది. శవం రెండు ఊళ్ళ మధ్య ఇసుకలోకి కొట్టుకొచ్చింది, సగం ముఖం లేదు. ఆ రోజు పోలమ్మపేట మొదటి పడవ ముక్కు మీద నిలబడి ఉన్నవాడు సింహాద్రి. రింగు వల ఈ తీరానికి మొదట తెచ్చింది కూడా అతనే. ఆ ఒక్కడు లేకపోతే తన తండ్రి ఇంటికొచ్చేవాడని రత్నం ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉంది. చదువుకున్నా అదే అనుకుంది, యంత్రం కడుతున్నంతసేపూ అదే అనుకుంది.

మనుషుల గుంపులో తిప్పేవాణ్ణి గుర్తుపట్టడం యంత్రానికి నేర్పాలి. దానికి తెలిసిన గుంపు కావాలి, తిప్పేవాడెవడో ముందే తెలిసిన గుంపు. ప్రొఫెసర్ తల గోక్కుంటుంటే రత్నం అంది, "మా ఊళ్ళో ఉంది సార్."

గంగడపాలెంలో అలివి వల లాగుతారు. సముద్రంలో వేసిన పొడవాటి వల రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. జట్టు మొత్తానికీ ఒకడు పాట ఎత్తుతాడు. పాటకు అడుగు, అడుగుకు లాగు. తండ్రి ఎత్తే ఆ పాట, పెద్దయ్యాక రత్నం తమ్ముడు బైరాగికి వచ్చింది. పైన డ్రోన్ ఎగరేసి యంత్రానికి వల లాగడం చూపించారు. చుక్క కాసేపు అటూ ఇటూ తడబడింది. తర్వాత బైరాగి తల మీద వాలి ఇక కదల్లేదు. అతను జట్టు మధ్యకు పోయినా, చివరికి పోయినా వదల్లేదు. అలా చూపించి చూపించి తప్పు పోకుండా నేర్పింది రత్నం.

ఆ మధ్యాహ్నం తమ్ముడింట్లో అన్నం తింటూ సంగతంతా చెప్పింది. మరదలు పైడితల్లి చేప ముక్కలు వేయిస్తోంది.

"నీ మిషినీ నన్నే సూపెట్టిందంటావు. ఎందుకప్పా?" అన్నాడు బైరాగి.

"నువ్వు పాట ఎత్తితేనే కదరా అందరూ లాగుతారు."

బైరాగి నవ్వాడు. "నాను పాడితే వలొచ్చీస్తాదేటి? తాడు నా సేతిలోనూ ఉంటాది. బరువెక్కితే గొంతెక్కుతాది, తాడు సళ్ళితే దిగుతాది. ఆళ్ళ ఊపిరే నాను పాడతాను."

"నువ్వు ఆపేస్తే?"

"ఇంకోడెత్తుతాడు. నాకన్నా పాడు గొంతుతోటి."

"ఈ మనిషికన్నా పాడు గొంతు ఈ ఊర్లో ఎవుడికుంది వదినా?" అని పైడితల్లి ఒక ముక్క తెచ్చి రత్నం కంచంలో వేసింది.

ముగ్గురూ నవ్వుకున్నారు. తమ్ముడు చెప్పింది రత్నానికి జవాబులా అనిపించలేదు. వాడి మంచితనం అలా మాట్లాడిస్తోందనుకుంది. చదువుకున్న వాళ్ళకు ఉండే పాడు అలవాటు ఇది. ఎదుటివాడు నిజం చెప్పినా వినయం కింద జమకట్టేస్తారు.

చుక్కాని సంగతి తీర శాంతి దళం అనే కొత్త పోలీసు దళం చెవిన పడింది. దాని అధికారి దినకర్ మంచివాడే. గుంపుల మీద కాల్పులు జరిపించి శవాలు లెక్కపెట్టి విసిగిపోయిన మనిషి. "తూటా లేకుండా ఆగుతుందంటే మీ కాళ్ళు మొక్కుతానమ్మా" అన్నాడు. అలా యంత్రం మొదటిసారి బయటి వీధిలోకి వచ్చింది.

పక్క పట్నంలో ఊరేగింపు దారి విషయమై రెండు వీధుల వాళ్ళకు కొట్లాట రేగింది. రత్నం మేడ మీద యంత్రం దగ్గర కూర్చుంది. కింద కర్రలు లేచాయి, సోడా సీసాలు పగిలాయి. ఒక కుర్రాడి చెంప చీరుకుపోయి పళ్ళు బయటికి కనిపించాయి. ఊరేగింపు గుంపు ఒక్కొక్క ఊపుకు ఒక్కొక్క అడుగు ముందుకొస్తోంది. చుక్క ఒకడి మీద వాలింది. ఎవరో సరిగ్గా కనపడలేదు. రత్నం మీట నొక్కింది.

గుంపు ఆగింది. నిజంగానే ఆగింది. ఎత్తిన కర్ర ఎత్తినట్టే పట్టుకుని, తర్వాతేం చెయ్యాలో తెలియని వాళ్ళలా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అంతలో పోలీసులు మధ్యలోకి దూసుకొచ్చారు. జనం పరుగెత్తారు. వీధి ఖాళీ అయ్యాక నడిమధ్యలో ఒక మనిషి మిగిలాడు. పొట్ట మీద, మెడ మీద వందల పాదాలు తొక్కుకుంటూ పోయాయి. నోట్లోంచి రక్తం కారి దుమ్ములో గడ్డకట్టింది. మెడకు డప్పు ఇంకా వేలాడుతూనే ఉంది.

దానయ్య అతని పేరు. కూలికి పిలిస్తే వచ్చి డప్పు కొట్టేవాడు. ఆ దారి ఎటు పోతేనేం, ఊరేగింపు ఎవరిదైతేనేం, అతనికి ఏ సంబంధమూ లేదు. గుంపు అతని దెబ్బకు అడుగు వేస్తోంది గనక యంత్రం అతన్ని చూపించింది.

రత్నం మేడ దిగి ప్రొఫెసర్ దగ్గరకు పరుగెత్తింది. "సార్, ఇతను కొట్లాట పెట్టినవాడు కాడు. ఇతను తాళం వేసేవాడు. నేను యంత్రానికి పాటగాణ్ణి పట్టుకోవడం నేర్పాను."

"గుంపు ఆగిందా లేదా?" అన్నాడు ప్రొఫెసర్.

"ఆగింది."

"మరి తిప్పేవాడు వాడే. వాడి మనసులో ఏముందన్నది మనకెందుకు? ఒక్కడు పోయాడు, పాపమే. ఎంతమంది బతికారో అది చూడు."

రత్నం చూసింది. ఒప్పుకుంది కూడా. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. సింహాద్రి ఇంకా బతికే ఉన్నాడు, పోలమ్మపేట పడవలు ఇంకా వస్తూనే ఉన్నాయి, యంత్రం పక్కన పెట్టెయ్యడానికి ఆమెకు మనసు రాలేదు.

ఎండాకాలం వేట ఆపే రోజులు దాటి పడవలు మళ్ళీ నీళ్ళలో దిగిన పొద్దున కబురొచ్చింది. రింగు వలలు గంగడపాలెం నీళ్ళలోకి వచ్చాయి. గంగడపాలెం పడవలన్నీ వాటి మీదకు వెళ్ళాయి. దళం లాంచీ బయల్దేరింది. దినకర్, ప్రొఫెసర్, యంత్రం ముందు రత్నం. చెవులకు ఇంజను రొద తప్ప ఇంకేమీ లేదు. చూడటానికి మాత్రం యంత్రం తెర ఉంది.

వాళ్ళు చేరేసరికే పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. తెడ్లు లేచి తలల మీద దిగుతున్నాయి. ఒకడి చెయ్యి రెండు పడవల అంచుల మధ్య నలిగింది. వాడు నోరు తెరిచి అరుస్తున్నాడు, అరుపు వినపడటంలేదు. ఇంకొకడు కడుపులో దిగిన ఈటెను రెండు చేతులతో పట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. పెట్రోలు సీసా ఒకటి వల కుప్ప మీద పడి నైలాను కరిగి మండింది. రత్నం తెర మీద తమ్ముడి కోసం వెతికింది. ఆమెకంటే ముందు యంత్రమే వెతికిపెట్టింది.

ఎర్ర చుక్క బైరాగి తల మీద నిలిచింది. గంగడపాలెం పడవల్లో ముందున్న దాని ముక్కు మీద నిలబడి రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుంటున్నాడు. చుట్టూ పడవలు అతని వైపే చూస్తున్నాయి.

"ఎవడు వాడు?" అన్నాడు దినకర్. "కొట్టండి."

ప్రొఫెసర్ గుర్తుపట్టాడు. వల లాగే బొమ్మల్లో ఎన్నిసార్లు చూశాడో. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "కళ్ళు తిరుగుతాయి, అంతే రత్నం. కాసేపట్లో లేస్తాడు."

రత్నానికి దానయ్య మెడ కనపడింది. పడవ ముక్కు మీద నుంచి పడ్డవాడు రెండు పడవల మధ్య పడతాడు. తమ్ముడేం అరుస్తున్నాడన్న ఆలోచన మాత్రం రాలేదు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె తనను తాను తిట్టుకున్నది దీనికే.

ఎదుటి వరసలో మొదటి పడవ ముక్కు మీద సింహాద్రి నిలబడి ఉన్నాడు. ముసలివాడయ్యాడు గానీ అదే నిలబడటం. కుడి చెయ్యి పైకెత్తాడు. మీద పడమని తన వాళ్ళకు సైగ చేస్తున్నాడనుకుంది రత్నం. యంత్రం పట్టు విడిపించి, చుక్కను చేత్తో జరిపి, అతని తెల్ల తలపాగా మీద పెట్టి మీట నొక్కింది.

సింహాద్రి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే పక్కకు ఒరిగి నీళ్ళలో పడ్డాడు.

ఆమెకు సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి, ఒళ్ళంతా వేడెక్కే సంతోషం. ఇన్నేళ్ళకు తండ్రి ఇంటికొచ్చినట్టే ఉంది.

అంతలో బైరాగి నీళ్ళలోకి దూకాడు. ఆ తీరంలో ఎంత పగ ఉన్నా నీళ్ళలో పడ్డవాడికి పగ ఉండదు. చేతికందినవాడు పైకి లాగాలి, కొట్లాట తర్వాత. బైరాగి నాలుగు బారల్లో ముసలివాణ్ణి చేరి, వెనక నుంచి గడ్డం కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. సింహాద్రికి ఆకాశమేదో నీళ్ళేవో తెలియడంలేదు. పిచ్చిగా గింజుకున్నాడు, బైరాగి ముఖం రక్కాడు, ఇద్దరూ మునిగారు, తేలారు, మళ్ళీ మునిగారు. పోలమ్మపేట పడవల మీంచి చూసేవాళ్ళకు అది ఎలా కనిపించిందో చెప్పనక్కర్లేదు. సింహాద్రి మేనల్లుడు ఈటె విసిరాడు. అది బైరాగి వీపులో దిగి, ఛాతీలోంచి కొన బయటికొచ్చింది. అప్పటికీ అతని చెయ్యి ముసలివాడి గడ్డం వదల్లేదు. ఇద్దరూ కలిసే కిందికి పోయారు.

రత్నం అరిచింది. ఆ అరుపు ఆమెకే వినపడలేదు.

ఇక ఆ తర్వాత జరిగింది కొట్లాట కాదు, నరుకుడు. గంగడపాలెం పడవలు పోలమ్మపేట పడవలను గుద్దాయి. నీళ్ళలో పడ్డవాళ్ళను పైకి లాగే ఆనవాయితీ ఆ గంటలోనే పోయింది. తేలిన తలల మీద తెడ్లు పడ్డాయి. ఈది వచ్చి పడవ అంచు పట్టుకున్న వాడి వేళ్ళు కత్తితో కోసేశారు. మంటలు ఒక పడవ నుంచి ఇంకోదానికి దూకాయి. ఒళ్ళంటుకున్న మనిషి సముద్రంలోకి దూకాడు, నీటి మీద పరుచుకున్న డీజిలు అక్కడా మండుతోంది.

"ఎవణ్ణి కొట్టాలి? చెప్పండి, ఎవణ్ణి?" దినకర్ తెర మీద పిడికిలితో గుద్దుతున్నాడు.

చుక్క ఒక తల మీద వాలింది. మళ్ళీ ఇంకో తల మీదికి. అక్కణ్ణుంచి ఇంకోటి. ఎక్కడా నిలవడంలేదు. చివరికి ఏ తలా దొరక్క నీళ్ళ మీద ఆగిపోయింది. యంత్రం దృష్టిలో ఆ గుంపును తిప్పేవాడు ఇప్పుడెవడూ లేడు. ఆగమంటే వినేవాడూ లేడు, ఆగమనేవాడూ లేడు.

శవాలు రెండు ఊళ్ళ ఒడ్డుకూ పంచుకున్నట్టు కొట్టుకొచ్చాయి. బైరాగిది మూడో రోజు దొరికింది. రత్నం ప్రయోగశాలకు వెళ్ళింది, తమ్ముడి దహనం బూడిద ఇంకా కాళ్ళకు అంటుకునే ఉంది.

ప్రొఫెసర్ ఆమెను ఆదరంగా కూర్చోబెట్టాడు. మంచినీళ్ళిచ్చాడు. "నిన్ను నువ్వు చంపుకోకు రత్నం. సింహాద్రి పడినా పడకపోయినా అది జరిగేదే. చేపలు తగ్గిపోయాయి, డీజిలు ధర పెరిగింది, ఫ్యాక్టరీ గొట్టాలు ఒడ్డు చంపేశాయి, కుర్రాళ్ళకు పని లేదు. ఇవన్నీ పోగుపడ్డాక మనిషి ఎవడైతేనేం? చరిత్రను నడిపేది ఇవి. ఒక్కడి వల్ల ఏదీ కాదు, ఒక్కడు తప్పుకున్నా ఏదీ ఆగదు."

రత్నం మంచినీళ్ళు ముట్టకుండా పక్కన పెట్టింది. "డప్పు కొట్టేవాణ్ణి పడేసిన రోజు మీరిలా అనలేదు సార్."

"అది వేరు."

"ఆ రోజు ఒక్కడే అంతా. ఈ రోజు ఒక్కడి వల్ల ఏదీ కాదు. గెలిస్తే మనం, ఓడితే డీజిలు ధర. బాగుంది సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లాంచీ మీద జరిగింది బయటికి పొక్కకూడదని దినకర్ చెప్పాడు. సింహాద్రికి మూర్ఛ వచ్చిందనే అందరూ అనుకుంటున్నారు. అనుకోనీ. నువ్వు చెప్పి మాత్రం ఎవరిని బతికిస్తావు?"

ఆమె లేచి గంగడపాలెం వెళ్ళింది.

తమ్ముడి ఇంటి ముందు మగవాళ్ళు ఈటెలకు పదును పెడుతున్నారు. పైడితల్లి లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"రేపు ఎలతారంట వదినా, పోలమ్మపేట కాల్చీడానికి. ఆళ్ళూ వచ్చీడానికి సిద్ధంగా ఉన్నారంట. మా మనిషి ఆ ముసిలోణ్ణి ముంచీసినాడంటన్నారు. నీలల్లో పడ్డోణ్ణి ముంచినాడంటే ఇంకేటి మిగిలింది వదినా? ఆడు సచ్చిపోనాడని కాదు. ఆడి పేరు ఇలగ సచ్చిపోనాది."

"ఆ రోజు పడవ మీద వాడేం అరిచాడు? నీకెవరైనా చెప్పారా?"

"పక్క పడవలో ఉన్న మా మావ సెప్పినాడు. వల సినిగిపోతే తాడు ఒగ్గీమని కేకేస్తారు కాదేటి? ఆ కేకే ఏసినాడంట. ఒగ్గీండి, ఒగ్గీండి, ఎనక్కొచ్చీండి అని. మనోళ్ళు పడవలు ఎనక్కి తిప్పతన్నారంట. అవతల సింహాద్రి కూడా సూసి, సరే ఆపీండని సెయ్యెత్తినాడంట. అంతలోనే ముసిలోడు పడిపోనాడు." పైడితల్లి చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "దేవుడు ఇంకొక్క రెప్పపాటు ఆగలేకపోనాడు."

రత్నానికి అప్పుడు అర్థమైంది. కొట్లాట ఆగిపోతోంది. ఇద్దరు మనుషులు దాన్ని ఆపేస్తున్నారు. ఆపుతున్న చేతిని తను కొట్టింది.

"దేవుడు కాదు పైడితల్లీ. నేను."

చెప్పింది. యంత్రం, చుక్క, తమ్ముడి తల మీద నుంచి చేత్తో జరపడం, తెల్ల తలపాగా. తనకు కలిగిన సంతోషం కూడా దాచలేదు. పైడితల్లి కదలకుండా విన్నది. కొట్టలేదు, తిట్టలేదు. పోయిన గొంతుతోనే అంది.

"నాకెందుకు సెప్తావు? ఆళ్ళకి సెప్పు. మా మనిషి ముంచనేదని ఆళ్ళకి సెప్పు."

"వెళితే చంపేస్తారే."

"సంపుతారు" అంది పైడితల్లి.

మర్నాడు తెల్లవారాక రత్నం ఇసుక వెంబడి నడుచుకుంటూ పోలమ్మపేట వెళ్ళింది. ఒంటరిగా, చేతిలో ఏమీ లేకుండా. ఒడ్డున పడవలు బారుగా నిలబడి ఉన్నాయి. ఈటెలు, పెట్రోలు సీసాలు ఎక్కించేస్తున్నారు. గంగడపాలెం మనిషి వస్తోందని ఎవరో కేక వేశారు. క్షణంలో చుట్టూ జనం మూగారు. ఒకడు జుట్టు పట్టుకుని ఈడ్చాడు. ఆమె మోకాళ్ళ మీద పడింది.

"సింహాద్రి భార్య ఎవరు? ఆవిడతో మాట్లాడాలి" అని అరిచింది.

జనం మధ్యలోంచి అచ్చియ్యమ్మ వచ్చింది. పొట్టి మనిషి, అరవై దాటాయి. బొట్టు చెరిపేసిన నుదురు ఇంకా ఎర్రగా కందిపోయి ఉంది.

"నేనే పడగొట్టాను మీ ఆయన్ని" అంది రత్నం. "మూర్ఛ కాదు. లాంచీలో నా దగ్గర యంత్రం ఉంది. నా చేత్తో మీట నొక్కాను. మా నాన్నను చంపించింది ఆయనే అనుకుని కొట్టాను. మా తమ్ముడు ఆయన్ని ముంచలేదు. పైకి తేవడానికే దూకాడు. ఆయన నీళ్ళలో కొట్టుకున్నది నా దెబ్బకు, మా వాడి చేతికి కాదు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా అందరూ మీద పడ్డారు. ఒక కాలు ఆమె డొక్కలో దిగింది. ఇంకొకటి నోటి మీద, పన్ను ఒకటి విరిగి గొంతులో పడింది. ఇసుక, రక్తం కలిసి కళ్ళలోకి పోయాయి. ఇంత మందిలో తనను చంపబోయేది ఎవరని ఆలోచించింది. ఏ యంత్రమూ చెప్పలేదు. అందరూ చంపుతారు, అంతే.

"ఒగ్గీండి!"

అచ్చియ్యమ్మ గొంతు. ఆగారు, కొందరే. సింహాద్రి మేనల్లుడు, బైరాగి మీద ఈటె విసిరినవాడు, ఇంకా తంతూనే ఉన్నాడు. అచ్చియ్యమ్మ అతన్ని రెక్క పట్టుకుని అవతలికి తోసింది. అతని చేతిలో తెడ్డు లాక్కుంది.

"నా మొగుణ్ణి సంపింది ఇది. దీన్ని కొట్టే అక్కు నాది. మీది కాదు." రత్నం వైపు తిరిగింది. "ఏ సేత్తో నొక్కినావు?"

రత్నం కుడి చెయ్యి ఇసుక మీద చాపింది. మణికట్టు పైకి పెట్టి. ముఖం పక్కకు తిప్పుకోలేదు.

తెడ్డు లేచి దిగింది. ఎముక విరిగిన చప్పుడు వెనక నిలబడ్డ వాళ్ళ దాకా వినిపించింది. రెండోసారి దిగింది. తెల్లటి ఎముక ముక్క చర్మం చీల్చుకుని పైకొచ్చింది. రత్నం అరుపు సముద్రం మీదకు పోయింది. మూడోసారి తెడ్డు లేచింది గానీ దిగలేదు. అచ్చియ్యమ్మ తెడ్డు వదిలేసి ఇసుకలో కూలబడి ఏడ్చింది. శవం వచ్చిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

చుట్టూ నిలబడ్డ వాళ్ళకు తమ చేతుల్లో కర్రలు ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒక ముసలాయన తన కర్ర మీద ఆనుకున్నాడు. ఒకామె వెళ్ళి అచ్చియ్యమ్మ కొంగు సర్దింది. మేనల్లుడు పడవ దగ్గరకు పరుగెత్తి ఇంజను తిప్పాడు. అది రెండుసార్లు దగ్గి అంటుకుంది. "రాండి! రాండహే!" అని కేకలు వేశాడు. వెళ్దామన్నట్టు ఇద్దరు కుర్రాళ్ళు రెండడుగులు వేశారు. వెనక్కి తిరిగి అచ్చియ్యమ్మ వైపు చూశారు.

ఆవిడ తలెత్తలేదు. "అయిపోనాది" అంది. "ముంచినోడు ఎవుడూ నేడు. సంపింది దొరికింది. నా సేత్తో కొట్టినాను. ఇంకెవుడి కోసం ఎలతారు?"

కుర్రాళ్ళు నిలబడిపోయారు. మేనల్లుడు ఒక్కడూ పడవలో నిలబడి బూతులు తిడుతూనే ఉన్నాడు. ఇంజను ఆగకుండా ఒట్టిగానే మోగుతూ ఉంది.

రత్నానికి స్పృహ వచ్చీ పోతూ ఉంది. నొప్పి తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. ఆ నొప్పి తనదే అనిపించింది, ఎవరి మీదా తొయ్యడానికి లేనిది. ఎవరో తడి గుడ్డతో ఆమె ముఖం తుడుస్తున్నారు. కళ్ళు తెరిస్తే అచ్చియ్యమ్మ. తన చీర అంచే చింపి, విరిగిన చేతికి తెడ్డు ముక్క ఆనించి కట్టు కడుతోంది. కడుతూ కడుతూ మళ్ళీ ఏడుస్తోంది.

"పడవలు వెళ్ళాయా?" అంది రత్నం, పగిలిన పెదాలతో.

"ఎల్లనేదు. ఈ రోజుకి ఎల్లనేదు."

"రేపు?"

అచ్చియ్యమ్మ ముడి గట్టిగా లాగింది. రత్నం నొప్పికి గిలగిల్లాడింది.

"రేపేటవుతాదో నాకేటి తెలుసు? నీ మిషినీకి తెలుసేటి?"

"తెలీదు" అంది రత్నం.